దర్వాజా కింద కేక

హైదరాబాదు పాత నగరపు గోడకు ఒకప్పుడు 13 దర్వాజాలు ఉండేవి. ఇప్పుడు మిగిలినవి రెండే. అందులో ఒకటి మా దబీర్‌పురా దర్వాజా. చిన్నప్పుడు దాని కింద నిలబడి కేకలు పెట్టేవాళ్ళం. ఆ కేకలు గోడలకు తగిలి మా మీదికే వచ్చేవి. పెద్దవాళ్ళు విసుక్కునేవారనుకోండి!

1996లో మా బాబాయికి పదిరోజులపాటు జ్వరం వచ్చింది. కుడి పక్కటెముకల కింద ఒకటే పోటు. మామూలు జ్వరమేననుకున్నాం. ఆస్పత్రిలో డాక్టరుగారు పొట్టమీద చల్లని జిగురు రాసి, సబ్బుబిళ్ళంత పరికరం ఆనించారు. అదీ కేకలు పెడుతుంది, కాని మనకు వినబడవు. సెకనుకు 20,000 కంపనాలు దాటితే మన చెవికి అందదు. దానివి లక్షల్లో ఉంటాయి! గ్లాస్గోలో డాక్టర్ ఇయాన్ డొనాల్డ్, లోహాల్లో పగుళ్ళు వెదికే యంత్రంతో పొట్టలోని గడ్డలను చూచి, 1958లో ఆ సంగతి ప్రకటించాడు.

కార్జం ఆ కేకలను తిప్పికొడుతుంది. తెరమీద బూడిదరంగుగా కనబడుతుంది. చీము అంతగా తిప్పికొట్టదు. బాబాయి కార్జంలో నారింజకాయంత నల్లమచ్చ! చెడునీళ్ళతో లోపలికి పోయిన అమీబా చేసిన పని అది.

"ఇది పగిలిందా, చీము పొట్టంతా పాకుతుంది. ఇప్పుడే తీసెయ్యాలి," అన్నారు డాక్టరుగారు.

పిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. డాక్టరుగారు తెరమీద సూదిమొన చూచుకుంటూ, నల్లమచ్చలోకి గుచ్చి చీము లాగారు. అచ్చం చింతపండు గుజ్జు రంగు! తరువాత మందులిచ్చారు.

మూడోరోజున బాబాయి ఇడ్లీలు అడిగాడు.