మిణుకుమన్న పసుపు దీపము

ఈ కాలపు కార్లలో చాలావాటికి డ్రైవరు ఎదుట ఒక చిన్న పసుపు దీపము ఉంటుంది. చెంబు వంటి బొమ్మ, దాని నడుమ ఆశ్చర్యార్థకము. చక్రములో గాలి తగ్గితే అది నిలకడగా వెలుగుతుంది. మా పాత కారులో అలా వెలగలేదు. తాళము తిప్పగానే నిమిషము పైగా మిణుకుమిణుకుమని, పిమ్మట వెలిగి ఉండిపోయేది. ఈ తేడా చాలామంది గమనించరు. మొదటిది గాలి తగ్గినదని చెప్పుట. రెండవది, చెప్పవలసినవాడే మూగవాడైనాడని చెప్పుట.

నెలకొకసారి మా అమ్మగారిని రేపల్లె దగ్గరి మా ఊరి నుండి గుంటూరు ఆసుపత్రికి తీసుకువెళ్తాము. గుండె జబ్బు మనిషి వెనుక సీటులో ఉండగా "ఊరకే వెలుగుతోందిలే" అని నడపడానికి మనసొప్పలేదు. పంక్చరు దుకాణము కుర్రవాడు, "దాని మీద నల్ల టేపు అంటించండి బాబాయ్, గొడవ ఉండదు" అన్నాడు. మంచివాడే గాని, సలహా మాకు నచ్చలేదు. రేపు నిజముగా మేకు దిగితే టేపు క్రింద ఎవరు చూస్తారు? అమెరికాలో టైర్ల తొక్క ఊడి కార్లు పల్టీలు కొట్టిన ప్రమాదముల తరువాతనే 2000లో దీనికొక చట్టము చేశారు.

ఉదయము కారు కదలకముందే గేజితో నాలుగు చక్రములూ కొలిచాము. అన్నిటిలో 33 పాయింట్లు. డ్రైవరు తలుపు ప్రక్కన అంటించిన చీటీలో ఉన్నదీ అంతే. తెర మీద మూడు చక్రములకు అంకెలు వస్తున్నాయి, వెనుక ఎడమ చక్రము దగ్గర మాత్రము రెండు గీతలు. మూడింటి మాట వింటున్న కారుకు చెవుడు లేదు కదా! ఈ సెన్సార్లు రేడియో తరంగాలతో మాట్లాడతాయి గనుక, ఫోను ఛార్జరు అడ్డు వస్తుందేమోనని అదీ తీసి చూశాము. మార్పు లేదు. డిసెంబరు చలిలో ఉదయము కనబడని అంకె మధ్యాహ్నపు ఎండకు తిరిగి వచ్చేది. కొన్నాళ్ళకు అదీ మానివేసింది. బ్యాటరీ నీరసించే తీరు అది.

తెనాలిలో మెకానిక్ ఒక చేతి పరికరమును వాల్వుల ప్రక్కన పెట్టి చూశాడు. మూడు పలికాయి. నాలుగవదానిలో కొంచెము గాలి వదిలి మరల అడిగాడు. మౌనమే. సెన్సారు చక్రము లోపల వాల్వుకు అంటి ఉంటుంది. బ్యాటరీని దానిలోనే పెట్టి మూసివేస్తారు. 5 నుండి 10 ఏండ్లు పనిచేస్తుంది, పోతే సెన్సారునే మార్చాలి. టైరు విప్పేటప్పుడు ఇనుప కడ్డీ వాల్వు దగ్గర పెట్టకుండా దగ్గరుండి చూసుకున్నాము. క్రొత్తదాని నంబరును కారుకు గుర్తు చేయించాడు. "నాలుగూ ఒకే వయసువి, అన్నీ మార్చేయండి" అన్నాడు గాని, మా చేతిలో అంత డబ్బు లేదు. ఒక్కటే వేయించాము.

ఫిబ్రవరి ప్రయాణములో తెనాలి దాటాక దీపము మరల వెలిగింది, ఈసారి మిణుకుమనకుండా. ఆపి గేజి పెడితే ముందు కుడి చక్రములో 24, తొక్కలో మేకు. స్టెప్నీ మార్చేదాకా అమ్మగారు వేపచెట్టు నీడన కూర్చుని, ఇంటి నుండి తెచ్చిన ఇడ్లీలు తిన్నారు.