పది బై పన్నెండులో కచేరీ

స్పీకర్లు కొనాలని ఏ షోరూముకెళ్లినా కుర్రాడు ముందు పెట్టేది 'హోటల్ కాలిఫోర్నియా' లైవ్ ట్రాకే. మొదట్లో ఆ డ్రమ్ము ధన్‌మనగానే మన మొహంలోకి చూస్తాడు, "బేస్ ఎలా ఉంది సార్?" అన్నట్టు. బాగానే ఉంది నాయనా, ఏదైనా కర్ణాటక కచేరీ ఉంటే పెట్టు అంటే, "అవన్నీ పాత రికార్డింగులు సార్, వాటిల్లో స్పీకర్ క్వాలిటీ తెలీదు" అంటాడు. నాకు ఒళ్లు మండేది సరిగ్గా అక్కడే. స్పీకరు సంగతి తేలేదే వాటిల్లో.

తంబురా తీసుకోండి. తీగని మీటినచోట ఏ అనుస్వరాలకి (హార్మోనిక్స్‌కి) కదలిక ఉండకూడదో అవి వినపడవని పాత భౌతికశాస్త్ర సూత్రం ఒకటుంది. మన తంబురా, వీణ ఆ సూత్రాన్ని లెక్కచెయ్యవని, ఆ అనుస్వరాలు కూడా నిక్షేపంగా మోగుతాయని సి.వి.రామన్ గారు 1921లో రాశారు. అదంతా వంపు తిరిగిన బ్రిడ్జి మహిమ, తంబురాలోనైతే దాని మీద తీగ కింద దూర్చే దారం పోగుది కూడా. ఆ పోగుని వెంట్రుకవాసి జరిపితే చాలు, నాదం పలుకుతుంది, లేదా చస్తుంది. మంచి స్పీకర్లో ఆ అనుస్వరాలు ఒకదాని వెనక ఒకటి విచ్చుకోవడం పాట వెనకాల కూడా తెలుస్తూంటుంది. నాసిరకం దాంట్లో జుమ్మని ఈగల గోల. ఇది తేల్చుకోవడానికి అర నిమిషం చాలు, కానీ ఆ అర నిమిషం ఏ షోరూములోనూ దొరకదు.

ఇక బేస్. మన ఫ్లాట్లలో పాటలకని మిగిలేది మహా అయితే 10 బై 12 అడుగుల గది. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి లెక్క సులువే. పన్నెండడుగుల గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర, పదడుగుల గోడల మధ్య 56 దగ్గర గది తనంతట తాను మోగుతుంది. రెట్టింపులైన 94, 112 దగ్గర మళ్లీ మోగుతుంది. స్లాబు కూడా పదడుగుల ఎత్తే ఉంటే 56, 112 స్వరాలకి ఇంకో జత గోడలు తోడైనట్టు. ఇలాంటి గదిలోకి నిలువెత్తు టవర్ స్పీకర్లు, పక్కన ఓ సబ్ వూఫరు తెచ్చిపెడితే మృదంగం గతి ఏం కావాలి? ఎడమ మూత తొప్పి మీద రవ్వ ముద్ద పెట్టి, ఎడంచెయ్యి మణికట్టుతో నొక్కుతూ జార్చే గుంకీ ఉంది చూశారూ, అది కింది నుంచి పైకి నున్నగా సాగాలి. గది మోగే స్వరం తగలగానే అక్కడ బుస్సున పొంగుతుంది, దాటగానే చప్పబడుతుంది. విద్వాంసుడు ఏళ్లతరబడి సాధన చేసి చేతిలోకి తెచ్చుకున్న సమతూకాన్ని మన గోడలు చెడగొడుతున్నాయన్నమాట. వెనక్కి కన్నమున్న స్పీకరుని గోడకానించి మూలకి తోశామా, ఇక చెప్పక్కర్లేదు. ఇంత జరిగాక ఇంటికొచ్చిన బంధువు "అబ్బ, ఏం బేస్ అండీ!" అని మెచ్చుకుంటాడు. అలాంటివాళ్లకి రెండో కప్పు కాఫీ ఇవ్వకూడదు.

నా ఓటు చిన్న పెట్టెకే. 1970లలో బీబీసీ వాళ్లు బయట రికార్డింగులకి తిప్పే వ్యాన్ల కోసం ఎల్‌ఎస్3/5ఏ అనే స్పీకరు తయారుచేసుకున్నారు. అడుగు ఎత్తు, ఏడున్నర అంగుళాల వెడల్పు, ఎక్కడా కన్నం లేని మూసిన పెట్టె. వ్యానులో ఇంజనీరు దాని ముందు మోకాళ్లు తగిలేంత దగ్గర కూర్చుని, మనిషి గొంతు మనిషి గొంతులా ఉందా లేదా చూసుకోవాలి. మనకి కావలసిందీ అదేగా! సెన్సిటివిటీ 83 డెసిబెల్సే, హోరెత్తించమంటే చేతులెత్తేస్తుంది. హోరెవరిక్కావాలి? దాన్నే కొనమని కాదు, ఆ వంశంలోది ఏదైనా స్టాండు మీద పెట్టి, గోడకి రెండడుగులు ఎడంగా జరిపి, దగ్గరగా కూర్చుని వినండి.

వినేటప్పుడు పాత మోనో రికార్డింగే పెట్టండి. మోనోకి రెండు స్పీకర్లెందుకని కొందరి వాదన. రెండూ సరిజోడైతే, గది సాధువైతే, గొంతు సరిగ్గా నడిమధ్యన మనిషి కూర్చున్నట్టు నిలబడుతుంది. పక్కకి ఒరిగినా, గోడంతా పాకినా ఆ జత వద్దు.

స్టీరియో రికార్డింగులతో వేరే పేచీ. కచేరీలో మృదంగం మనకి ఎడమ పక్క, ఫిడేలు కుడి పక్క ఉండాలి. చాలా సీడీల్లో ఇదేం పట్టించుకోరు. ఆ కూర్చునే పద్ధతి ఊరికే వచ్చింది కాదు. మృదంగం కుడి మూత నాదం సభలోకి రావాలని అలా పెట్టారు. మృదంగ విద్వాంసుడు పళని సుబ్రహ్మణ్య పిళ్లై గారిది ఎడమచేతి వాటం. ఆయన అవతలి పక్కన కూర్చోవాలి, అంటే ఫిడేలు ఇవతలికి జరగాలి. మేం జరగం అన్నారు కొందరు ఫిడేలు విద్వాంసులు. అంతటి వాయిద్యగాడికి ఆ కారణంగా కచేరీలు తప్పిపోయాయంటే ఇప్పటికీ కోపమొస్తుంది. చెంబై వైద్యనాథ భాగవతార్ లాంటి గాయకులు పట్టుబట్టి పక్కన కూర్చోబెట్టుకోబట్టి సరిపోయింది. మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి సోలో కచేరీల్లోనైతే ఈ తగువే లేదు. ఫిడేలుతో ఆయనే వేదిక నడిమధ్యన కూర్చున్నారు. మృదంగం ఎటు కావాలంటే అటు.