ముల్లు పచ్చలోనే ఉంది

గిటార్ ఆంప్లిఫయర్ మోసుకొచ్చే కుర్రాళ్లందరూ ఒకే మాటతో మొదలుపెడతారు: "వాల్వులు బాగానే ఉన్నాయండీ, టెస్టు చేయించాం." టెస్టు చేయించిన మాట నిజమే. మీటరు ముల్లు పచ్చరంగులోకి వెళ్లి నిలబడిన మాటా నిజమే. మరి పావుగంట వాయించేసరికి ఒక వాల్వులో ప్లేటు కొలిమిలో ఇనుములా ఎర్రబడుతోందంటే ఆ టెస్టరు చూసిందేమిటి? మాకవరపాలెంలో కూర్చుని ఇన్నేళ్లుగా వాల్వుల పని చేస్తున్నవాడిగా నేను చెప్పేది ఇది: టెస్టరు అబద్ధం చెప్పదు. దాన్ని ఏం అడిగామో దానికే జవాబిస్తుంది. మనం అడిగింది ఒకటి, అడిగామనుకున్నది మరొకటి.

ఈ ఊళ్లో గిటార్ ఆంప్లిఫయర్ ఏమిటని మీకు అనిపించవచ్చు. నేను పని నేర్చుకున్నది నర్సీపట్నంలో ఒక రేడియో షాపులో. 1963లో విశాఖపట్నంలో ఆకాశవాణి కేంద్రం వచ్చాక ఈ చుట్టుపక్కల రేడియో ఉన్న ఇళ్లు పెరిగాయి, వాటితోపాటు మెకానిక్కులూ పెరిగారు. ఈసీహెచ్81, ఈబీఎఫ్89, ఈఎల్84 అంటూ అంకెలు మాకు ఎక్కాల్లా నోటికి వచ్చేవి. వాల్వులు చాలావరకు బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌వే. ఇళ్లలోకి ట్రాన్సిస్టర్లు వచ్చేసినా మైకు సెట్లు మాత్రం చాలాకాలం వాల్వుల మీదే నడిచాయి. అనకాపల్లి నూకాలమ్మ జాతరకైనా, పెళ్లికైనా, ఓట్ల ప్రచారానికైనా కట్టే సెట్టులో ఔట్‌పుట్‌కి 6ఎల్6 గాని ఈఎల్34 గాని జతగా ఉండేవి. ఫెండర్ ఆంప్లిఫయర్లలో ఎక్కువగా ఉండేది ఆ 6ఎల్6, మార్షల్ వాళ్లవాటిలో ఉండేది ఆ ఈఎల్34. రెండు వాల్వులు ఎదురెదురుగా పనిచేసే పుష్-పుల్ పద్ధతి కూడా అదే. తేడా అంతా వాడకంలో ఉంది. మైకు సెట్టు గొంతు బొంగురుపోతే పెళ్లివారు మన మీద విరుచుకుపడతారు. గిటార్ వాళ్లు ఆ బొంగురు కోసమే డబ్బు పెడతారు. అందుకని చర్చిల్లో వాయించేవాళ్లు, విశాఖ బ్యాండ్ల కుర్రాళ్లు, అమెరికా నుంచి బంధువులతో పాత ఆంప్లిఫయర్ తెప్పించుకున్నవాళ్లు ఒకరి నోట ఒకరు విని ఇక్కడిదాకా వస్తుంటారు.

టెస్టర్లలో చవకరకం ఎమిషన్ టెస్టరు. ఇది వాల్వులోని గ్రిడ్లన్నింటినీ ప్లేటుకి కలిపేసి, దాన్ని ఉత్త డయోడ్‌గా మార్చి, కొద్దిపాటి ఏసీ వోల్టేజీ పెట్టి, కేథోడు నుంచి ఎంత కరెంటు వస్తోందో చూపిస్తుంది. అంతే. వాల్వు అసలు పని గ్రిడ్డు మీద పడిన చిన్న వోల్టేజీతో ప్లేటు కరెంటును అటూ ఇటూ నడిపించడం. ఆ పని ఈ టెస్టరు చేయించదు. సంతలో ఎద్దుని కొనేటప్పుడు పళ్లు చూసి బేరమాడినట్టు ఉంటుంది ఇది. కాడి కట్టి నాలుగు చాళ్లు దున్నిస్తే కదా సంగతి తెలిసేది! లోపల గ్రిడ్డు తీగ తెగిపోయిన వాల్వు కూడా దీని మీద దర్జాగా పాసవుతుంది. అయినా నేను దాన్ని తీసి పారేయమనను. ఫిలమెంటు పోయిందా, ఎలక్ట్రోడ్లు షార్టయ్యాయా, కేథోడు పూర్తిగా ఎండిపోయిందా అన్న మూడు సంగతులూ చిటికెలో చెప్పేస్తుంది. అది చెడ్డదన్న వాల్వు దాదాపు చెడ్డదే. మంచిదన్న వాల్వు గురించే మళ్లీ విచారణ చెయ్యాలి.

చెడ్డదంటే చెడ్డదే అన్న మాటకీ మా ఊళ్లో ఒక మినహాయింపు ఉంది, కరెంటు. 230 వోల్టులు రావలసినచోట మోటార్లన్నీ నడిచే వేళకి 190కి దిగిన రోజులు నాకు బాగా గుర్తు. మెయిన్స్ తగ్గితే టెస్టరులో ఫిలమెంటుకి 6.3 వోల్టులకు బదులు ఐదున్నర కూడా అందదు. కేథోడు చల్లబడితే ఎమిషన్ పడిపోతుంది. అంటే మధ్యాహ్నం మంచిదైన వాల్వు సాయంత్రానికి ముసలిదైపోతుంది! అందుకే మంచి టెస్టర్లకి మెయిన్స్ సర్దే నాబ్ ఉంటుంది, ముందు దాన్ని గీత మీదకి తెచ్చి గాని వాల్వు పెట్టకూడదు. నా బల్లకి ఇప్పటికీ వోల్టేజీ సర్దే వేరియాక్ మీదుగానే కరెంటు. అసలు ఇదే గుణాన్ని పరీక్షగా కూడా వాడుకోవచ్చు. అమెరికావాళ్ల హికాక్ టెస్టర్లలో కొన్నింటికి ఫిలమెంటు వోల్టేజీని పది శాతం తగ్గించే స్విచ్చి ఉంటుంది. తగ్గించినా ముల్లు పెద్దగా కదలకపోతే కేథోడులో ఇంకా సరుకుంది. జారుకుంటూ కిందికి పోతే ఆ వాల్వుకి రోజులు దగ్గరపడ్డాయి. పచ్చ ఎరుపుల కంటే ఈ స్విచ్చి నాకు ఎక్కువ చెబుతుంది.

హికాక్, ఇంగ్లండు ఆవో లాంటివి పైరకం. ఇవి గ్రిడ్డు వోల్టేజీ ఒక వోల్టు మారితే ప్లేటు కరెంటు ఎన్ని మిల్లీఆంపియర్లు మారుతుందో కొలుస్తాయి. పుస్తకం ప్రకారం ఈఎల్34కి 250 వోల్టుల దగ్గర, 100 మిల్లీఆంపియర్ల కరెంటులో ఇది 11 ఉండాలి. ముందు సాకెట్లలో ఉండే ఈసీసీ83కి 1.6. కొలత అసలు పనికి సంబంధించినదే కాబట్టి దీన్ని నమ్మవచ్చు. కాని అంకె ఒక్కటే సరిపోదు, అది ఏ టెస్టరు మీద వచ్చిందో కూడా కావాలి. అమెరికా సైన్యం కోసం చేసిన టీవీ-7 మీద వచ్చే అంకె మిల్లీఆంపియరూ కాదు, శాతమూ కాదు. దాని చార్టులో ఆ వాల్వుకి రాసిన కనీస అంకెతో పోల్చుకోవడానికే పనికొస్తుంది. ఆ అంకెను పట్టుకొచ్చి "తొంభై శాతం వాల్వు" అని అమ్మేవాళ్లున్నారు, కొనేవాళ్లూ ఉన్నారు. పైగా ఈ టెస్టర్లన్నీ నా వయసువే. లోపల రెసిస్టర్లు విలువ మారిపోయి ఉంటాయి. హికాక్ లోపల 83 అనే పాదరసపు రెక్టిఫయరు వాల్వు ఒకటి ఉంటుంది, అది బలహీనపడితే పరీక్షకు వచ్చిన వాల్వులన్నీ బలహీనమే! నా దగ్గర కొన్ని వాల్వులు కొలతలు రాసి, దూది చుట్టి, ఏ సెట్టులోనూ పెట్టకుండా దాచి ఉంచాను. ముందు వాటిని టెస్టరు మీద పెట్టి, పాత అంకెలు వస్తేనే గిరాకీ వాల్వును పెడతాను.

ఇక ప్లేటు ఎర్రబడిన సంగతి. విశాఖ నుంచి ఒక కుర్రాడు యాభై వాట్ల ఆంప్లిఫయర్ తెచ్చాడు, అందులో ఈఎల్34లు జత. నా ఆవో మీద ఒకటి 10.5, రెండోది 10.7 చూపించాయి. ఇంతకంటే మంచి జత ఎవరు కోరతారు? ఆంప్లిఫయర్లో పెట్టి, ప్లేటు మీద 450 వోల్టులు, ఒక్కోదానికి 38 మిల్లీఆంపియర్లు వచ్చేలా బయాస్, అంటే గ్రిడ్డుకి ఇచ్చే నెగెటివ్ వోల్టేజీ, సర్ది వదిలేశాను. లెక్క ప్రకారం 17 వాట్లు. ఈఎల్34 ప్లేటు 25 వాట్ల దాకా ఓర్చుకోవాలి. ఇరవై నిమిషాలు గడిచేసరికి ఒకదానిలో కరెంటు 45 దాటింది, తరువాత 50 దాటింది. దీపం ఆర్పి చూస్తే ప్లేటు పక్క అంచున ఎర్రటి మచ్చ కనబడింది.

"మీటరు మీద బాగుంది కదా మాస్టారూ!" అన్నాడు కుర్రాడు.

"అయితే మీటరు మీదే వాయించుకో బాబూ" అన్నాను. ఇద్దరం నవ్వుకుని పనిలో పడ్డాం.

గ్రిడ్డుకి బయాస్ అందించే 220 కిలో ఓముల రెసిస్టరు మీద మీటరు పెట్టాను. మంచి వాల్వులో గ్రిడ్డు కరెంటు తీసుకోదు కాబట్టి అక్కడ సున్నా ఉండాలి. మంచిదాని దగ్గర సున్నాయే ఉంది. రెండోదాని దగ్గర వాల్వు వేడెక్కేకొద్దీ అర వోల్టు, ఒక వోల్టు, చివరికి 2.2 వోల్టులు. అంటే పది మైక్రోఆంపియర్లు. ఎంత స్వల్పం! కాని ఆ పది మైక్రోఆంపియర్లే బయాస్‌ని రెండు వోల్టులు సున్నా వైపు లాగేశాయి, ప్లేటు కరెంటు పది మిల్లీఆంపియర్లకు పైగా పెరిగింది, దానితో వేడి పెరిగింది, వేడితో గ్రిడ్డు కరెంటు మళ్లీ పెరిగింది. లోపల మిగిలిపోయిన గ్యాసు వల్లో, కేథోడు పూత గ్రిడ్డు తీగల మీదకి చేరి గ్రిడ్డే ఎలక్ట్రాన్లు విడుదల చేయడం వల్లో ఇలా జరుగుతుంది. ఇది ఆవోకి ఎందుకు చిక్కలేదంటే, ఆ పాత ఆవోలు ప్లేటుకి డీసీ ఇవ్వవు, ఏసీయే ఇస్తాయి. వాల్వు సగం కాలం పనిచేసి సగం కాలం విశ్రాంతి తీసుకుంటుంది. పుస్తకం చెప్పిన కరెంటు మీటరు మీద కనబడినా ప్లేటుకి ఆ వేడి ఎక్కదు. పైగా టెస్టరు మీద వాల్వును అరగంట ఉంచే ఓపిక ఎవరికుంది?

ప్రీఆంప్ వాల్వులది మరో తలనొప్పి. మార్షల్ సర్క్యూట్లో టోన్ నాబ్‌లకి ముందు ఈసీసీ83లో ఒక సగం కేథోడ్ ఫాలోయర్‌గా పనిచేస్తుంది. అక్కడ కేథోడు నూట యాభై వోల్టులకు పైనే కూర్చుంటుంది, పక్కనే ఫిలమెంటు దాదాపు భూమి మీద ఉంటుంది. ఆ రెండింటి మధ్య ఇన్సులేషన్ నూరు వోల్టులు దాటాక ఓడిపోయే రకమైతే హమ్మింగో చిటపటలో మొదలవుతాయి. తక్కువ వోల్టేజీతో లీకేజీ చూసే టెస్టరుకి అది కనబడదు. అదే వాల్వును తీసి, కేథోడు ఒకటి రెండు వోల్టుల మీద ఉండే మొదటి సాకెట్లో పెడితే నోరు మెదపదు. అటువంటి వాల్వును చెడ్డదనాలా, మంచిదనాలా? నేను "ఫలానా సాకెట్‌కి వద్దు" అని చీటీ కడతాను. మొదటి సాకెట్‌కి కావలసిన గుణం వేరు, అక్కడ గలగలలు, గంట మోతలు ఉండకూడదు. దానికి నా పరికరం పెన్సిలు వెనుక రబ్బరు. ఆంప్లిఫయర్ ఆన్‌లో ఉండగా మెల్లగా తట్టి స్పీకరు వింటే చాలు. వెయ్యి డాలర్ల టెస్టరుకి చెవులు లేవు.

గాజు లోపల పైన వెండిలా మెరిసే పూత కూడా చూడాలి. అది మిగిలిన గాలిని పీల్చేసుకోవడానికి పెట్టింది. పాలలా తెల్లబడిందంటే గాజు ఎక్కడో పగిలి గాలి చొరబడిందన్నమాట. దానికి టెస్టరు ఎందుకు? కళ్లు చాలు.

ఈమధ్య ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు యూట్రేసర్ పట్టుకొస్తున్నారు. డచ్ ఇంజనీరు రోనాల్డ్ డెక్కర్ తయారుచేసిన చిన్న బోర్డు అది. కంప్యూటరుకి కలిపితే వాల్వు గీతలన్నీ తెర మీద గీసి పెడుతుంది. నాకు చాలా నచ్చింది. మా రోజుల్లో ఇది ఉంటే ఎంత పని తప్పేదో! కాని అది వోల్టేజీని ఒక్కో మిల్లీసెకను పాటు మాత్రమే గుద్ది తీసేస్తుంది. చిన్న బోర్డుతో పెద్ద కరెంటు కొలవగలగడానికి కిటుకు అదే. ఆ మిల్లీసెకనులో ప్లేటు వేడెక్కదు. కాబట్టి నేను పైన చెప్పిన ఈఎల్34 దాని మీద కూడా పుస్తకంలో బొమ్మ లాంటి గీతలే గీస్తుంది.

అందువల్ల జత కట్టడానికి నేను సొంతంగా జిగ్గు ఒకటి చేసుకున్నాను. పాడైన మైకు సెట్టు ట్రాన్స్‌ఫార్మరు, దాని మీద 440 వోల్టుల డీసీ, ఒక్కో కేథోడు కింద ఒక ఓము రెసిస్టరు. ఆ రెసిస్టరు మీద ఎన్ని మిల్లీవోల్టులుంటే వాల్వులో అన్ని మిల్లీఆంపియర్లు. స్క్రీన్ కరెంటు కూడా అందులో కలిసి ఉంటుందని గుర్తుంచుకుంటే చాలు. ప్రతి గ్రిడ్డుకీ ఆంప్లిఫయర్లో ఉన్నట్టే 220 కిలో ఓములు. వాల్వులను రెండు గంటలు కాల్చి, మొదట్లోనూ చివర్లోనూ కొలతలు రాస్తాను. 250 వోల్టుల దగ్గర కవలల్లా ఉన్నవి ఇక్కడ పది మిల్లీఆంపియర్ల తేడాతో విడిపోవడం మామూలే. దీన్ని చూసి ఇంట్లో చేసుకుందామనుకునే తమ్ముళ్లకి ఒక మాట: స్విచ్చి తీశాక కూడా కెపాసిటర్లో ఆ 440 వోల్టులు కాచుకుని కూర్చుంటాయి. డిశ్చార్జి చేసి, మీటరుతో చూసి, అప్పుడు చెయ్యి పెట్టండి.

ఈ పనికి గంటలు పడుతుంది, కరెంటు ఖర్చవుతుంది, కాబట్టి డబ్బు తీసుకుంటాను. "ఆ వీధిలో అయిదు నిమిషాల్లో చేసి శాతం రాసి ఇచ్చారండీ" అని బేరాలాడేవాళ్లకి నా దగ్గర జవాబు లేదు. 2022లో యుద్ధం మొదలయ్యాక రష్యా వాల్వులు కొన్నాళ్లు ఆగిపోయి ధరలు ఎగిరాయి. అప్పటి నుంచి వాడేసిన వాల్వుల అమ్మకం జోరందుకుంది, వాటితోపాటు ఈ శాతాల చీటీలూ ఎక్కువయ్యాయి. నా చీటీలో శాతం ఉండదు. ప్లేటు వోల్టేజీ, కరెంటు, అరగంట తరువాత గ్రిడ్డు రెసిస్టరు మీద వోల్టేజీ, తడితే మోగిందా లేదా అన్నవి ఉంటాయి.

ఆ విశాఖ కుర్రాడి జతలో మంచిది నా దగ్గరే ఉంది, జోడీ కుదిరితే కబురు పెట్టమన్నాడు. రెండోదాన్ని తిరిగి ఇస్తానంటే వద్దన్నాడు. నేను దాని పిన్ను ఒకటి పటకారుతో విరిచి పక్కన పడేశాను. లేకపోతే ఏదో కొత్త అట్టపెట్టెలో దూరి మళ్లీ అమ్ముడుపోతుంది.