తెలుగు గడి

2020 మార్చి 8
పాత నోటుబుక్కులో గీతలు గీశాను. మూడు గడులు. గ్రేట్ అండమానీస్, హిందీ, తెలుగు. మొదటి రెండూ అన్వితా అబ్బీ నిఘంటువులో ఉన్నాయి. మూడోది నాది. రోజుకి అయిదు మాటలు చాలు.

మార్చి 15
ఒంటి భాగాల దగ్గర ఆగిపోయాను. "చెయ్యి" అని ఊరికే రాసుకోవడానికి లేదు. ఎవరి చెయ్యో చెప్పాల్సిందే. ముందో చిన్న అక్షరం కూడా చేరాలి. నోటికొకటి, వేళ్లకొకటి, కడుపులో వాటికింకొకటి. ఒళ్లంతా ఏడు వాటాలు. కొట్టేసి మళ్లీ రాశాను. పేజీ నిండా కొట్టివేతలే. ఉండనీ.

మార్చి 24
రాత్రి ఎనిమిదికి టీవీలో ప్రధాని. ఇరవై ఒక్క రోజుల లాక్‌డౌన్. అమ్మ బియ్యం డబ్బా మూత తీసి చూసింది. మళ్లీ పెట్టేసింది.

మార్చి 29
బోవా సీనియర్ పిట్టలతో మాట్లాడేవారట. గ్రేట్ అండమానీస్‌లో బో భాష తెలిసినవాళ్లు ఇంకెవరూ మిగల్లేదు. 2010 జనవరి 26న పోయారు. ఆ రోజు నేను పరేడ్‌లో ఉన్నాను. తెల్ల బూట్లు, అన్నయ్య పాలిష్ చేసినవి.

ఏప్రిల్ 2
రౌపుచ్. తోబుట్టువును పోగొట్టుకున్న మనిషి.
మొగుడు పోతే మాటుంది మనకి. అమ్మానాన్నా పోతే ఉంది. అన్న పోయిన చెల్లెలికి?
పోయినేడు వచ్చినవాళ్లంతా అమ్మని పట్టుకుని ఏడ్చారు. నేను టీ గ్లాసులు కడిగాను.
తెలుగు గడి ఖాళీ.

ఏప్రిల్ 5
ప్రధాని చెప్పినట్టే తొమ్మిదింటికి వీధంతా దీపాలు. అమ్మ ప్రమిద గుమ్మంలో పెట్టలేదు. అన్నయ్య ఫోటో దగ్గర పెట్టింది.

ఏప్రిల్ 10
లిచో పోయారు. నాలుగో తారీఖున. ఇక్కడే అండమాన్‌లో, షాదీపూర్‌లో. సారే భాష మాట్లాడే ఆఖరి మనిషి. ఈ నిఘంటువులోకి ఎన్నో మాటలు ఆవిడ నోటినుంచి వచ్చినవే. నేను నెల్లాళ్లుగా ఇంట్లో కూర్చుని వాటినే రాసుకుంటున్నాను.
పాలకి వెళ్లే దారిలో ఎప్పుడైనా ఎదురయ్యారేమో. చూశానా?

ఏప్రిల్ 11
అమ్మ కత్తిపీట కడుగుతుంటే అడిగాను, తోడబుట్టినవాళ్లు పోతే ఏమంటారని.
"ఏటీ అనరు." కాసేపాగి, "మా అన్న పోయినప్పుడూ నన్నెవులూ ఏటీ అన్లేదు."
సోంపేట మావయ్య. ఆయన మాట అమ్మ నోట వినడం ఇదే మొదలు.
గడిలో ఏమీ రాయలేదు. "రౌ" సాగదియ్యాలా? చివరి "చ్" నొక్కాలా?