టక్కున ఆరిపోయే కంప్యూటరు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడికి కంప్యూటర్ బాగుచెయ్యడం కూడా వచ్చి తీరుతుందని మనవాళ్ళకో గట్టి నమ్మకం. మాస్టర్స్‌లో నేను చదివింది ఆల్గారిథమ్స్, డేటాబేసులు. పన్నెండేళ్ళుగా చేస్తున్నది ఇన్సూరెన్స్ కంపెనీలకి కన్సల్టింగు. అయినా సరే, ఇక్కడ డాలస్ చుట్టుపక్కల ఎవరింటికి భోజనానికెళ్ళినా పెరుగన్నం దగ్గరికొచ్చేసరికి "ఆ ప్రింటరు ఒక్కసారి చూస్తావా?" అన్న మాట పడాల్సిందే. చూస్తాను. తిన్న ఉప్పుకి ఆ మాత్రం చెయ్యాలి కదా!

మొన్నామధ్య వచ్చిన కేసు మాత్రం ప్రింటరంత తేలిక కాదు. మాకు బాగా దగ్గరైన ఒక అన్నయ్యగారి అబ్బాయి, పదహారేళ్ళవాడు, సొంతంగా గేమింగ్ కంప్యూటరు కట్టుకున్నాడు. ఎండాకాలమంతా ఈతకొలను దగ్గర లైఫ్‌గార్డుగా పనిచేసి, ఆ డబ్బుల్తో ఎవరో వాడిన గ్రాఫిక్స్ కార్డు ఒకటి కొన్నాడు. అది బిగించిన దగ్గర్నుంచీ మొదలైంది. ఆట మొదలెట్టిన పావుగంటకో అరగంటకో టక్కుమని ఆరిపోతుంది. నీలం తెర లేదు, ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు.

దుకాణానికి తీసుకెళ్తే మదర్‌బోర్డు పోయిందన్నారట. అన్నయ్యేమో, "రాత్రీ పగలూ ఆడితే కాలిపోక ఏమవుద్ది తమ్ముడూ! రిపేరూ వద్దు, గిపేరూ వద్దు. అమ్మి పారేస్తా" అన్నాడు. పిల్లాడు తల వంచుకుని, "నేను అంతసేపు ఆడట్లేదు బాబాయ్, డాడ్ నమ్మట్లేదు" అన్నాడు. వాడి గొంతు చూస్తే కంప్యూటర్ పోయినదానికంటే ఆ మాటకే ఎక్కువ బాధపడుతున్నాడనిపించింది.

సరే, కూర్చున్నాం ఇద్దరం.

ఇలాంటి జబ్బులో మొదట చూడాల్సింది, ఎలా చచ్చిపోయిందన్నది. నీలం తెర వచ్చిందంటే విండోస్‌కి చివరి మాట చెప్పే టైము దొరికిందన్నమాట. డ్రైవరో, మెమరీయో అనుకోవచ్చు. బొమ్మ ఆగిపోయి ఫ్యాన్లు తిరుగుతుంటే అది ఇంకో కథ. అన్నీ ఒకేసారి ఆరిపోతే మాత్రం ముందు అనుమానించాల్సినవి రెండే: వేడి, కరెంటు. అందుకే "విండోస్ మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్యి" అన్న సలహాని నేను పక్కన పెట్టేశాను. చచ్చేముందు విండోస్‌కి ఏం జరుగుతోందో కూడా తెలియలేదు మరి.

ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే ఎర్రగా "కెర్నల్ పవర్ 41" కనిపించింది. దీన్ని చూసి కంగారుపడేవాళ్ళు చాలామంది. అది కారణం కాదండీ. "పోయినసారి నన్ను సరిగ్గా ఆపలేదు" అని లేచాక విండోస్ చెప్పుకునే ఫిర్యాదు, అంతే. దాని పక్కనే 6008 అని ఇంకో నంబరుంటుంది. ఏ రోజు, ఎన్నింటికి అర్ధాంతరంగా ఆగిందో అందులో రాసి ఉంటుంది. మొత్తం పదకొండున్నాయి. వాటిల్లో తొమ్మిది శనివారం రాత్రి తొమ్మిదికీ పదిన్నరకీ మధ్యే! మామూలు రోజుల్లో ఎప్పుడు ఆన్ చేశారో, ఎప్పుడు ఆపారో కూడా ఆ లాగ్‌లోనే ఉంది. రాత్రీ పగలూ అన్నది నిజం కాదని తేలిపోయింది. అన్నయ్యని పిలిచి చూపించాను. ఏమీ అనలేదు గానీ కుర్చీ లాక్కుని మా పక్కనే కూర్చున్నాడు.

"శనివారం రాత్రే ఎందుకురా?" అనడిగితే, గుంటూరులో వాళ్ళ పిన్ని కొడుకుతో కలిసి ఆడతాడట. ఇక్కడ శనివారం రాత్రి తొమ్మిదంటే అక్కడ ఆదివారం పొద్దున్న ఏడున్నర. 2020 లాక్‌డౌన్‌లో మొదలైన అలవాటు, అలాగే కొనసాగుతోంది.

ఇక వేటకి దిగాం. ఒకసారికి ఒక్కటే మార్చాలన్నది నియమం. రెండు మారిస్తే దేనివల్ల బాగైందో తెలీదు. ఆఫీసులో ప్రొడక్షన్ పడిపోయినప్పుడు నలుగురు నాలుగు మార్పులు చేసేస్తే ఏమవుతుందో మీలో చాలామందికి అనుభవమే.

ముందు గోడ. అదే పవర్ స్ట్రిప్‌కి ఒక టేబుల్ లైటు పెట్టాం. కంప్యూటర్ ఆరినప్పుడు లైటు కనీసం మిణుకుమనలేదు. ఇంటి కరెంటు తప్పు కాదు.

తర్వాత వేడి. రెండు సెకన్లకోసారి ఉష్ణోగ్రతలు రాసుకునే ప్రోగ్రాం పెట్టాం. వాడి ప్రాసెసర్ రైజెన్ 5 3600, దాని హద్దు 95 డిగ్రీలు. ఆరిపోయే ముందు చివరి లైన్‌లో 74 ఉంది. కార్డు 72. పైగా ఈకాలం ప్రాసెసర్లు వేడెక్కితే ముందు వేగం తగ్గించుకుంటాయి, మరీ మించితేనే ఆగిపోతాయి. వేడీ కాదు.

ఇంకో ఆనవాలు పిల్లాడే చెప్పాడు. ఆరిపోయాక బటన్ నొక్కితే లేవదట. వెనకాల స్విచ్ ఆపి, కాసేపాగి మళ్ళీ వేస్తేనే లేస్తుందట. ఇది బంగారం లాంటి ఆనవాలు. ఎక్కువ కరెంటు లాగితే తనని తాను కాపాడుకోవడానికి తలుపు మూసేసుకునే పవర్ సప్లైలు చాలావరకు ఇలాగే చేస్తాయి.

పవర్ సప్లై అంటే మన ఎస్ఎంపీఎస్ అండీ. సికింద్రాబాద్ సీటీసీలో కంప్యూటర్ అసెంబుల్ చేయించుకున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ప్రాసెసర్ కోసం, ర్యామ్ కోసం గంటలు గంటలు బేరమాడి, ఎస్ఎంపీఎస్ మాత్రం క్యాబినెట్‌తో ఏదొస్తే అది తెచ్చుకునేవాళ్ళం. దానిమీద స్టిక్కర్‌లో ఎన్ని వాట్లుంటే అన్ని నిజమనుకునేవాళ్ళం.

వీడిది మరీ అంత నాసిరకం కాదు. 650 వాట్లది, ఐదేళ్ళ క్రితం కొన్నది. పాత కార్డు ఆర్‌టీఎక్స్ 2060, 160 వాట్లది. కొత్తది ఆర్‌టీఎక్స్ 3080, 320 వాట్లు. సరిగ్గా రెట్టింపు. "కానీ బాబాయ్, నేను లెక్కేశాను. కార్డుకి 320, ప్రాసెసర్‌కి 90, మిగతావాటికి 50. అంతా కలిపినా 460. ఇంకా 190 మిగుల్తుంది కదా" అన్నాడు. కూడిక తప్పేం కాదు. తేడా అంతా సగటులో ఉంది.

పెళ్ళి భోజనాలు గుర్తు తెచ్చుకోండి. వచ్చేవాళ్ళు నాలుగొందల అరవై మంది, రెండు గంటల్లో మెల్లగా తిని వెళ్తే వంటవాళ్ళకి చీకూ చింతా ఉండదు. అదే తాళి కట్టగానే అందరూ మొదటి బంతికే లేచారనుకోండి, వడ్డించేవాళ్ళు గరిటెలు పారేసి పారిపోతారు. 3080 లాంటి కార్డులు కొన్ని మిల్లీసెకన్ల పాటు రాసున్న వాట్లకంటే బాగా ఎక్కువ లాగుతాయి. రెండు సెకన్లకోసారి చూసే మన ప్రోగ్రాంకి అది కనపడనే కనపడదు. తయారీదారు ఈ కార్డుకి 750 వాట్ల సప్లై ఉండాలని సిఫార్సు చేసింది ఊరికే కాదు. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో, వంద మైక్రోసెకన్ల పాటు రెట్టింపు వాట్లు లాగినా సప్లై తట్టుకోవాలని రాసుకున్నారు.

సిద్ధాంతం బాగానే ఉంది, రుజువో? కార్డు పవర్ లిమిట్‌ని 70 శాతానికి, అంటే 224 వాట్లకి తగ్గించాం. గంటన్నర ఆడినా ఏమీ కాలేదు. మళ్ళీ 100కి పెడితే పద్దెనిమిది నిమిషాల్లో టక్! కార్డులోని రెండు సాకెట్లకీ ఒకే తీగ చీలి వెళ్తోంది. వాటికి విడివిడి తీగలు పెట్టాం. కాసేపు ఎక్కువ నిలబడింది గానీ ఆరడం మానలేదు. అయినా దోషం ఎస్ఎంపీఎస్‌దేనని అప్పుడే అనకూడదు, కార్డే పాడైనా ఇలాగే జరగచ్చు. మా ఆఫీసులో ఒకతని దగ్గర 850 వాట్లది అరువు తెచ్చి, దాని తీగలతో సహా మార్చాం.

ఆ పరీక్ష శనివారం రాత్రే పెట్టాం. హెడ్‌సెట్ పెట్టుకుని వాడు మొదలెట్టాడు. "ఒరేయ్, ఎనకాల గోడెక్కాడు చూడు! నువ్వాగు, నేనొస్తన్నా!" అచ్చం గుంటూరు యాస! మాతో మాట్లాడితే ముక్కకి మూడు ఇంగ్లీషు మాటలు కలిపేవాడు. అన్నయ్య నా వంక చూశాడు. నాలుగేళ్ళు ఆదివారం తెలుగు తరగతులకి కారేసుకుని తిప్పిన మనిషి. ఇన్నాళ్ళూ ఆ గది తలుపు మూసే ఉండేది కాబట్టి ఆయనకి వినపడలేదు. పదకొండయ్యింది. కంప్యూటరూ ఆరలేదు, అన్నయ్యా లేవలేదు. కొత్తది ఆయనే కొనిచ్చాడు. అమ్మేసే మాట మళ్ళీ ఎత్తలేదు.

మీ ఇంట్లో కూడా ఇలాంటిది జరిగితే రెండు జాగ్రత్తలు. ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకండి, ప్లగ్ పీకేసినా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు నిలవుంటుంది. ఒక కంపెనీ తీగల్ని ఇంకోదానికి తగిలించకండి, సాకెట్లో పట్టినా లోపలి అమరిక వేరుగా ఉండచ్చు. భాగాలు కాలిపోతాయి. మదర్‌బోర్డు మార్చే ముందు పవర్ లిమిట్ తగ్గించి చూడండి, దానికి డబ్బు ఖర్చు కూడా లేదు.

వాళ్ళ ప్రింటరు సంగతంటారా? అది ఇంకా పనిచెయ్యట్లేదు.