వెనక్కి లాగితేనే ముందుకు

పెద్దపేగు పొడవు దాదాపు 1.5 మీటర్లు. కొలనోస్కోపీ నేర్చుకునే డాక్టరుకు మొదట్లో తోచే ఉపాయం ఒక్కటే: గొట్టాన్ని ఇంకాస్త నెట్టడం. చిక్కంతా అక్కడే. మలాశయం దాటగానే వచ్చే సిగ్మాయిడ్ భాగం కడుపులో వదులుగా కదులుతుంటుంది. నెట్టేకొద్దీ గొట్టం అక్కడ మెలిక పడుతుందే తప్ప కొస ముందుకు సాగదు. పేగును పట్టి ఉంచే పొర సాగి నొప్పి పుడుతుంది. అరుదుగానైనా పేగుకు చిల్లు పడే ప్రమాదమూ ఉంది.

చెయ్యి తిరిగినవారి తీరు వేరు. కొసను వంచే చక్రాలు ఎడమ చేతిలో, గొట్టం కుడి చేతిలో. 1969లో న్యూయార్క్‌లో విలియం వుల్ఫ్‌తో కలసి ఈ పరీక్షకు బాట వేసిన హిరోమి షిన్యా, రెండు పనులూ ఒక్కరే చేసే ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. మలుపు దాటాక గొట్టాన్ని గడియారం ముల్లు దిశలో తిప్పుతూ మెల్లగా వెనక్కి లాగితే మెలిక విడిపోతుంది. లంగా బొందు మీది కుచ్చిళ్లలా పేగు గొట్టం మీదికి చేరుతుంది. అందుకే పేగు మొదలైన సీకం చేరేసరికి లోపల ఉండేది 70-80 సెంటీమీటర్ల గొట్టమే. గాలి తక్కువగా నింపడం, రోగిని పక్కకు తిప్పడం, నర్సు పొట్టను అదిమి పట్టడం కూడా సాయపడతాయి.

మత్తులో ఉన్న రోగి నొప్పని చెప్పలేడు. గొట్టం మొరాయిస్తే ఆ సంగతి ముందు తెలియాల్సింది డాక్టరు కుడి చేతికే. దారి కనిపించకపోతే ఆగి వెనక్కి రావాలన్న తొలి పాఠం అందుకే.

సీకం చేరడం సగం పనే. క్యాన్సర్‌గా మారగల పాలిప్‌లను నింపాదిగా వెతికేది తిరుగుదారిలో. అందుకు ఏళ్ల తరబడి ప్రమాణంగా ఉన్న 6 నిమిషాలను అమెరికా వైద్య సంఘాలు 2024లో సగటున 8కి పెంచాయి.