మంచం, ముగ్గురు దొంగలు, మా చిన్న దుర్బీను

 

చాలా రోజుల తర్వాత పెద్ద పోస్టు రాస్తున్నాం. కొంచెం ఓపిగ్గా చదవండి. మేము ఐదుగురం. ఉట్నూరు ఏజెన్సీలో వేరే వేరే గూడేలవాళ్లం, కానీ ఒకే హాస్టల్లో ఒకే రేకుల షెడ్డు కింద తిని పెరిగినోళ్లం. ఇప్పుడు తలా ఒక చోట చదువుతున్నాం. ఈ పోస్టు ఒక్కరిది కాదు, ఐదుగురం కూర్చుని రాసుకున్నది.

మొదట ఒక తప్పు ఒప్పుకోవాలి. మాలో ఒకరి గూడెంలో ఒక తాత ఉండేవారు. చుక్కలు చూసి రాత్రి ఎంతయిందో చెప్పేవారు. ఏ చుక్క పొద్దుగూకే వేళకి ఎక్కడుంటే ఏ పని మొదలుపెట్టాలో కూడా ఆయనకి తెలుసు. దండారికి పోయిన ప్రతిసారీ మేము ఫోన్లతో వీడియోలు తీసేవాళ్లం. ఆ వీడియోల్లో వెనక మంట దగ్గర తాత కూర్చుని కనబడతారు. కానీ ఒక్క రోజు కూడా "తాతా, ఆ చుక్క పేరేంది?" అని అడగలేదు. మొన్న దీపావళికి ముందు ఆయన పోయారు. దినాలకి వెళ్లినప్పుడు మాకు తట్టింది. మా ఫోన్లలో తాత ఉన్నారు గానీ తాతకి తెలిసింది ఒక్క ముక్క లేదు.

అదే టైములో మా సీనియర్ అన్న ఒకాయన హైదరాబాద్‌లో ఒక సెకండ్ హ్యాండ్ టెలిస్కోపు ఉందని చెప్పాడు. చిన్నది, స్కూలు బ్యాగులో పట్టేంత. ముందు అద్దం 72 మిల్లీమీటర్లు, ఫోకల్ లెంగ్త్ 432 మిల్లీమీటర్లు. దానితో పాటు మోటారుతో తిరిగే చిన్న మౌంటు, ఆకాశం ఫొటోలు తీసే కెమెరా. అన్న సగం ఇచ్చాడు, మిగతాది మేము స్కాలర్‌షిప్పుల్లోంచి, పత్తి ఏరిన కూలి డబ్బుల్లోంచి వేసుకున్నాం. మొత్తం ఒక పాత బైకు వచ్చేంత ఖర్చయింది. ఇంట్లో తెలిసినాక ఒక నాయన అన్న మాట ఇది: "గా పైసలతో బండి కొంటే రాత్రిపూట దవాఖానకైనా పనికొచ్చు." మా దగ్గర జవాబు లేదు. ఆ మాట తప్పని ఇప్పటికీ అనట్లేదు.

జనవరిలో పుష్య అమావాస్యకి ముందు ఊరికి వెళ్లాం. కేస్లాపూర్ నాగోబా జాతర రోజులు కాబట్టి చుట్టాలందరూ వస్తారు, పైగా చంద్రుడు ఉండడు, ఆకాశం బాగా నల్లగా ఉంటుంది.

మొదటి రాత్రి పూర్తిగా ఫెయిలయ్యాం. ఎందుకో చెప్తాం, మీలో ఎవరైనా కొంటే పనికొస్తుంది. కంటితో చూసేటప్పుడు టెలిస్కోపు వెనక ఒక వంపు గొట్టం, దానిలో ఐపీసు పెడతాం. కెమెరా పెట్టేటప్పుడు ఆ రెండూ తీసేస్తాం, ఐపీసు ఉండాల్సిన చోట కెమెరా సెన్సారే కూర్చుంటుంది. వంపు గొట్టం తీసేసరికి దాని పొడవు తగ్గిపోయింది. ఫోకస్ గొట్టాన్ని చివరిదాకా లాగినా సెన్సారు ఫోకస్ దాకా అందలేదు. ల్యాప్‌టాప్‌లో బూడిద రంగు మబ్బు తప్ప ఏమీ రాలేదు. చుట్టూ 30 మంది పిల్లలు, పెద్దలు. పదకొండింటికి ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. "బండి కొంటే అయిపోయేది" అని మళ్లీ వినబడింది.

తెల్లారి డబ్బాలో వెతికితే అడుగున ఒక ఖాళీ గొట్టం దొరికింది, ఎక్స్‌టెన్షన్ ట్యూబు. అది మధ్యలో పెట్టి పగటిపూటే దూరంగా ఉన్న సెల్ టవర్ మీద ఫోకస్ చూశాం. టవర్ ఇనుప కడ్డీలు స్పష్టంగా కనబడ్డాయి. అక్కడ గొట్టం మీద పెన్నుతో గీత పెట్టుకున్నాం. ఎర్ర చుక్క చూపించే చిన్న గురి పరికరాన్ని కూడా ఆ టవర్ మీదే సరిచేసుకున్నాం. కొత్తవాళ్లు ఈ రెండు పనులూ పగలే చేసుకోండి. చీకట్లో వెతకడం నరకం.

ఒక హెచ్చరిక. పగలు బయట పెడితే పిల్లలు సూర్యుడి వైపు తిప్పడానికి చూస్తారు. ముందు భాగానికి సరైన సోలార్ ఫిల్టర్ లేకుండా ఒక్క సెకను చూసినా కన్ను పోతుంది, కెమెరా కాలిపోతుంది. మాలో ఒకరు పూర్తిగా కాపలాకే ఉన్నారు.

రెండో రాత్రి గూడెంలో దీపాల వెలుతురు వద్దనుకుని కంది కోసేసిన చేనులోకి పోయాం. ట్రాక్టరు బ్యాటరీతో మౌంటుకి కరెంటు. ప్లస్, మైనస్ రెండుసార్లు చూసుకుని కలపండి, మేము తిరగేసి కలపబోయి ఆగాం. స్టాండు మట్టంగా ఉందో లేదో చూసి, మౌంటుని ఉత్తరం వైపు పెట్టాం. ధ్రువ నక్షత్రం మనకి చాలా కిందే ఉంటుంది. మన ప్రాంతం అక్షాంశం సుమారు 19 డిగ్రీలు, అందుకే అది కూడా నేల నుంచి 19 డిగ్రీల ఎత్తులోనే. చెయ్యి బారుగా చాపి పిడికిలి మీద పిడికిలి పెడితే రెండు పిడికిళ్ల ఎత్తు. ఆ తర్వాత రెండు పెద్ద చుక్కలని మౌంటుకి చూపిస్తే, మిగతావి అదే వెతుక్కుంటుంది.

సరైన ఫోకస్ కోసం నోట్‌బుక్ నల్ల అట్టని గీతలు గీతలుగా కత్తిరించి మూతలా ముందు పెట్టాం. దాన్ని బాహ్టినోవ్ మాస్క్ అంటారు. చుక్క చుట్టూ మూడు వెలుగు గీతలు వస్తాయి. మధ్య గీత మిగతా రెండూ కలిసే చోటు మీదుగా పోతే ఫోకస్ కుదిరినట్టు. ఆ తర్వాత అట్ట తీసేయడమే. మంచు పడి అద్దం మసకబారకుండా చార్టు పేపర్ గొట్టంలా చుట్టాం. చలిమంట వేసుకున్నవాళ్లని మాత్రం బతిమాలి దూరం జరిపించాం. మంట వేడికి గాలి కదిలి చుక్కలు నీళ్లలో ఉన్నట్టు ఊగుతాయి.

మొదట గురుగ్రహం. నిజం చెప్తున్నాం, ఇంత చిన్న టెలిస్కోపులో అది స్క్రీన్ మీద శనగ గింజంత. కానీ ఎక్స్‌పోజర్ కొన్ని మిల్లీసెకన్లకి తగ్గిస్తే రెండు చారలు కనబడ్డాయి, పెంచితే గ్రహం తెల్లగా కాలిపోయి పక్కన ఉపగ్రహాలు బయటపడ్డాయి. ఆ తర్వాత గొర్రుకొయ్యల కింద వేలాడే చిన్న చుక్కల వరస దగ్గరికి పోయాం. అక్కడ ఒక పెద్ద మేఘం ఉంది, ఓరియన్ నెబ్యులా, సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరంలో. అందులో కొత్త చుక్కలు పుడుతున్నాయి. కంటికి అది పొగ మరకలా ఉంటుంది. కెమెరాతో 8 సెకన్ల ఫొటోలు వరసగా తీస్తూ, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో ఒకదాని మీద ఒకటి పేర్చాం. 150 ఫొటోలు, అంటే 20 నిమిషాలు. ఒక్కో ఫొటోలో గరుకు ఉంటుంది. పేర్చిన కొద్దీ ఆ గరుకు తగ్గి అసలు వెలుతురు పైకి తేలుతుంది. 100 పేరిస్తే పదింతలు మెరుగు. స్క్రీన్ మీద గులాబీ రంగు రెక్కల్లా విచ్చుకుంటుంటే పిల్లలు అరిచిన అరుపులకి గూడెంలో కుక్కలు లేచాయి.

ఆ అరుపులు విని మా అవ్వ కబురు పెట్టింది. ఏందో నన్నూ చూడనీయండి అని. ఆమెకి మోకాళ్ల నొప్పి, నడవలేదు. రెండు కళ్లలో పొర. ఆపరేషన్‌కి రెండుసార్లు పేరు రాయించాం, ఇంకా కాలేదు. నలుగురం పోయి నులక మంచం మీద కూర్చోబెట్టి మోసుకొచ్చాం. సగం దారిలో అవ్వ గోండిలో ఒకటే నవ్వు: "మంచం ఎత్తుకపోయే దొంగలు మీరేనా?"

మాకు అర్థం కాలేదు. చేనులో దించినాక అడిగితే చెప్పింది. మీరు బడిలో సప్తర్షులు అని చదువుకున్నారు కదా, మనవాళ్లకి అది మంచం. నాలుగు చుక్కలు నాలుగు కోళ్లు. ఆ మంచం ఒక ముసలిదానిది. వెనక ఉన్న మూడు చుక్కలు ముగ్గురు దొంగలు. ముసలిది నిద్రపోతే మంచం లాక్కుపోదామని తిరుగుతూనే ఉంటారు. ఆమె గట్టిగా నిద్రపోదు, వాళ్లకి మంచం దొరకదు.

అప్పుడు రాత్రి పదిన్నర. ఈశాన్యం వైపు చూశాం. మంచం కోళ్లు నాలుగూ చెట్ల పైకి వచ్చేశాయి. దొంగలు ఇంకా అడవి చాటునే ఉన్నారు. పదకొండు దాటినాక ఒక్కొక్కరే పైకి వచ్చారు, మంచం వెనకాలే. అవ్వ చెప్పిన వరసలోనే. ఇంటర్‌లో ఫిజిక్స్ చదివినోళ్లం, సప్తర్షులు ఉదయించేటప్పుడు మంచం ముందు, తోక తర్వాత అని మాకెవరికీ తెలియదు.

అవ్వకి మాత్రం ఏమీ కనబడట్లేదు. "నాలుగేళ్లయింది దొంగలని చూసి" అన్నది. చూపిద్దామని టెలిస్కోపు తిప్పాం. అక్కడ ఇంకో సంగతి తెలిసింది. మా కెమెరాలో ఒకసారి పట్టేది డిగ్రీన్నర ఆకాశం. మంచం ఒక్కటే పది డిగ్రీలు. దుర్బీనులో ఒక కోడు పడితే ఇంకో కోడు పడదు. చివరికి ఫోన్‌ని రాయి మీద నిలబెట్టి నైట్ మోడ్‌లో మంచం, దొంగలు మొత్తం వచ్చేలా ఫొటో తీసి, ల్యాప్‌టాప్‌లో వేసి, వెలుతురు పెంచి అవ్వ ముఖానికి జానెడు దూరంలో పెట్టాం. ఆమె వేలు స్క్రీన్ మీద ఆనించి కోళ్లు లెక్కబెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తర్వాత దొంగలని. నడిమి దొంగ దగ్గర వేలు ఆగింది. "వీని పక్కన చిన్నది ఒకటి ఉండాలె. చిన్నప్పుడు నాకు కనబడేది."

అప్పుడు టెలిస్కోపుకి పని దొరికింది. నడిమి చుక్కని బడి పుస్తకాల్లో వసిష్ఠుడు అంటారు, ఇంగ్లీషువాళ్లు మిజార్ అంటారు. పక్కన చిన్నది అరుంధతి, ఆల్కోర్. స్క్రీన్ మీద పెద్దగా పెట్టాం. చిన్నది ఉంది. అంతే కాదు, నడిమి దొంగే ఒకడు కాదు, ఆనుకుని ఇద్దరు. కంటికి ఇది కనబడదు, చిన్న టెలిస్కోపుకే విడిపోతుంది. అవ్వ చాలాసేపు చూసింది. "అయితే దొంగలు ముగ్గురు కాదన్నట్టు. ముసల్ది నిద్రపోకపోవుడే మంచిదైంది."

మాలో ఒకరు ఆ చుక్క ఎంత దూరమో చెప్పారు. సుమారు 83 కాంతి సంవత్సరాలు. అంటే ఇప్పుడు స్క్రీన్ మీద పడ్డ వెలుతురు 83 ఏళ్ల కిందట అక్కడ బయలుదేరింది. అవ్వకి పుట్టిన తేదీ తెలియదు. జోడేఘాట్‌లో కుమ్రం భీం పోయిన రెండేళ్లకో మూడేళ్లకో పుట్టిందని వాళ్ల అమ్మ చెప్పేదట. అది 1940. లెక్క వేస్తే అవ్వ పుట్టిన రోజుల్లో బయలుదేరిన వెలుతురే ఇది. గోండిలో ఆమెకి చెప్పాం. కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత "నా తోటిది" అన్నది.

బండి కొనమన్న నాయన కూడా అక్కడే ఉన్నాడు. ఆయన ఏమీ అనలేదు. కానీ తిరిగి పోయేటప్పుడు అవ్వ మంచానికి ఒక కోడు తానే పట్టుకున్నాడు.

తర్వాత వెతికితే తెలిసింది, మయాంక్ వాహియా, గణేష్ హల్కరే అనే ఇద్దరు పరిశోధకులు గోండు గూడేలు తిరిగి మనవాళ్ల చుక్కల జ్ఞానం మీద 2013లో ఒక పరిశోధనా వ్యాసం అచ్చు వేశారు. మంచం, ముగ్గురు దొంగల కథ అందులో ఉంది. బయటినుంచి వచ్చినవాళ్లు అడిగి రాసుకుపోయారు. సంతోషమే, వాళ్లకి దండం. కానీ ఒకే మంచం పక్కన పడుకుని పెరిగిన మేము అడగలేదు. సిగ్గుపడాల్సింది అక్కడ.

కాబట్టి అన్నలూ అక్కలూ, తమ్ముళ్లూ చెల్లెళ్లూ, టెలిస్కోపు కొనమని చెప్పడానికి ఈ పోస్టు రాయలేదు. మీ జేబులో ఉన్న ఫోన్ చాలు. వచ్చే అమావాస్యకి ఊరికి పోయినప్పుడు ఒక పెద్దమనిషి పక్కన కూర్చోండి. ముందు వాళ్లని అడిగి, ఒప్పుకుంటేనే రికార్డు చేయండి. గోండి, కొలామి, కోయ, ఏ భాషైతే ఆ భాషలోనే చెప్పనివ్వండి, తెలుగులో తర్వాత రాసుకోవచ్చు. చుక్క పేరేంది, ఏ నెలలో ఎటు వైపు వస్తుంది, అది వస్తే ఏ పని చేస్తారు, కథ ఏంది, వాళ్లకి ఎవరు చెప్పారు, ఈ ఐదూ అడగండి. వేలు ఎటు చూపించారో ఆ వైపు ఫొటో తీసి పెట్టుకోండి. ఏ చుక్కో గుర్తుపట్టడంలో మేము సాయం చేస్తాం. దగ్గరి గూడేలైతే సెలవుల్లో మా డబ్బా మోసుకుని మేమే వస్తాం. అన్నం పెట్టండి చాలు.

అవ్వ పేరు కంటి ఆపరేషన్‌కి మూడోసారి రాయించాం. ఆ రాత్రి ఆమె చెప్పింది మొత్తం 41 నిమిషాలు రికార్డయింది. తాతది ఒక్క నిమిషం లేదు. మీ ఇంట్లో తాత ఉంటే ఈ పోస్టు ఇక్కడే ఆపి ఫోన్ చేయండి.

జై సేవా!